ఖాళీ ప్లాటులో కూరల తోట: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ పక్కన 200 గజాల ప్లాటు ఖాళీగా ఉంది. ఏడాదిన్నరలో ఇల్లు కట్టుకుంటామని, అప్పటిదాకా కూరగాయలు పండించుకోమని యజమాని అన్నారు. నేలంతా పాత ఇల్లు కూల్చిన సిమెంటు పెళ్లలే. మట్టి నింపి మొక్కలు పెంచే 40 సంచులతో మొదలుపెట్టాలనుకుంటున్నాం. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఆ నేలను తవ్వే శ్రమ పెట్టుకోకండి. కాస్త మట్టి మీద వెనిగర్ పోసి చూడండి, నురగ పొంగితే సున్నం ఎక్కువున్నట్టే. అలాంటి మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. లేత ఆకులు పసుపు తిరిగి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. ఎరువు ఎంత పోసినా దండగే. పైగా పాత గోడల రంగుల్లో సీసం ఉండొచ్చు, ఆకుకూరలకు ఆ దుమ్ము అంటకూడదు.

15 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తున్న హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) సంచులు, పట్టుకోవడానికి పిడులున్నవి కొనండి. పైన రెండంగుళాలు వదిలి నింపితే ఒక్కోదానికి దాదాపు 30 లీటర్ల మట్టి పడుతుంది. 40 సంచులకు 1,200 లీటర్లు. నాలుగు తట్టల ఎర్రమట్టికి మూడు తట్టల చివికిన పశువుల ఎరువు, మూడు తట్టల తడిపిన కోకోపీట్ (కొబ్బరి పొట్టు) కలపండి. సంచికి గుప్పెడు వేపపిండి చాలు. ఐదు కిలోల కోకోపీట్ దిమ్మెలు ఐదారు పడతాయి. నానబెట్టిన నీళ్లు ఒకటికి రెండుసార్లు పారబోయండి, లేకపోతే అందులోని ఉప్పుకు నారు మాడుతుంది. పచ్చిపేడ మాత్రం వద్దు.

సంచులను ఇటుకల మీద పెట్టండి. నేల మీదే పెడితే వేళ్లు చిల్లుల్లోంచి కిందికి దిగుతాయి, ఎత్తేటప్పుడు తెగుతాయి.

ప్రశ్న: మూడడుగుల దిమ్మె మీద 500 లీటర్ల డ్రమ్ము పెట్టి డ్రిప్ వేశాం. కొన్ని డ్రిప్పర్లలో చుక్క కూడా రావడం లేదు. ఎందుకు?

జవాబు: ప్రెషర్ కాంపెన్సేటింగ్ రకం, అంటే ఒత్తిడి హెచ్చినా తగ్గినా నీళ్లు ఒకేలా వదిలేవి వేసి ఉంటారు. మూడడుగుల ఎత్తుకు వచ్చే ఒత్తిడి 0.1 బార్ (ఒత్తిడి కొలత) కూడా ఉండదు, దానికి అవి తెరుచుకోవు. మామూలు డ్రిప్పర్లు పెట్టండి. గంటకు నాలుగు లీటర్లని రాసి ఉన్నా, అది ఒక బార్ దగ్గర లెక్క. మీ ఎత్తుకు లీటరు పైచిలుకే వస్తుంది. వేసవిలో రెండు గంటలు వదలాలి. డ్రమ్ము నల్లదే వాడండి, వెలుతురు సోకితే పాచి పట్టి పైపులు మూసుకుపోతాయి.

ప్రశ్న: యజమానితో కాగితం రాసుకోవాలా?

జవాబు: తప్పకుండా. స్థలం పోతుందేమోనన్న భయం ఆయనకు ఉండటం సహజం. 11 నెలలకు రాసుకుని, మళ్లీ పొడిగించుకోండి. బోరు వేయం, షెడ్డు కట్టం, మునగ, కరివేపాకు లాంటివి నేలలో నాటం అని రాయండి. ఖాళీ చేయడానికి 60 రోజుల గడువు అడగండి. గడువు మొదలైన రోజు నుంచి వంగ, మిర్చి నారు పెట్టొద్దు. నెల రోజుల్లో కోతకొచ్చే తోటకూర, మెంతి చల్లుకోవచ్చు.