టీచర్ ఉద్యోగానికి వేరే దేశం వెళ్ళినవాళ్ళు అక్కడి పండగలకు ఎలా అలవాటు పడ్డారు?

అడిగినవారు బెంగళూరులోనే ఉంటారట. త్వరలో పాఠాలు చెప్పడానికి బయటి దేశం వెళ్తున్నారట. శాకాహారి కాబట్టి, పండగ భోజనాలకు పిలిస్తే ఏం చెయ్యాలా అని టెన్షన్ అట.

నేను ఇథియోపియాలో, తానా సరస్సు ఒడ్డునున్న బహిర్ దార్‌లో ఇంజనీరింగ్ పాఠాలు చెప్పాను. అప్పట్లో మన తెలుగు లెక్చరర్లు అక్కడ చాలామందే ఉండేవాళ్ళు. పండగొచ్చిందంటే సగం మంది తలుపులేసుకుని కుక్కర్ పెట్టుకునేవాళ్ళు. వెళ్తే పచ్చి మాంసం పెడతారని భయం. పెడతారు, నిజమే. వద్దంటే ఊరుకుంటారన్నదీ నిజమే, కానీ అది వెళ్ళినవాడికి కదా తెలిసేది.

అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాలు ఉపవాసం ఉంటారు. మాంసం, గుడ్డు, పాలు, వెన్న ఏవీ ముట్టరు. ఈస్టర్ ముందైతే వరసగా 55 రోజులు అంతే. ఆ రోజుల్లో నాకు ఏ హోటల్‌కెళ్ళినా పెళ్ళి భోజనమే. తీరా పండగ నాడు ఊరంతా కోడికూర తింటుంటే నాకు పస్తు!

ఒక ఈస్టర్‌కి మా డిపార్ట్‌మెంట్ అతను ఇంటికి పిలిచాడు. ఏడింటికి రమ్మన్నాడు. వాళ్ళ గడియారం పొద్దు పొడిచినప్పటి నుంచి లెక్క, ఏడంటే మన మధ్యాహ్నం ఒంటిగంట. గదిలో నేలంతా అప్పుడే కోసుకొచ్చిన పచ్చగడ్డి పరిచారు. ఒక పిల్లాడు చెంబు, పళ్ళెం పట్టుకొచ్చి అందరి చేతుల మీదా నీళ్ళు పోశాడు. మధ్యలో అల్లిన బుట్టబల్ల, దాని మీద ఒకే పెద్ద ఇంజెరా. టెఫ్ అనే చిరుధాన్యం పిండిని పులియబెట్టి పోసిన అట్టు అది. అందరూ అందులోంచే తినాలి. ఎంగిలి పట్టింపు ఉన్న ఇంట్లో పుట్టినవాణ్ణి, నా గుండె అక్కడే సగం జారింది.

వాళ్ళమ్మగారు రాత్రంతా చర్చిలో నిలబడి వచ్చిన మనిషి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. 55 రోజుల తర్వాత ఆ పూటే ఉపవాసం విడిచారు. అయినా నా కోసం విడిగా చిన్న మట్టి దాకలో శనగపిండితో శిరో అనే కూర, ఇంకో గిన్నెలో ఆకుకూర వండి ఉంచారు. మాంసం ముక్కలేవీ అంటకుండా నా వైపు అంచున వడ్డించారు. తర్వాత ఇంజెరా ముక్క తుంచి, శిరోలో అద్ది, నిమ్మకాయంత ముద్ద చుట్టి తిన్నగా నా నోటి దగ్గరికి తెచ్చారు. దీన్ని గుర్షా అంటారు. ముద్ద ఎంత పెద్దదైతే అంత ప్రేమ. ఇంకొకళ్ళ చేతి ముద్ద తిని ఎన్నేళ్ళయిందో! నోరు తెరిచాను. నమిలేలోపే రెండోది రెడీ. ఎంగిలి సంగతి ఆ తర్వాత గుర్తుకు రాలేదు.

భోజనం కాగానే చెయ్యి కడుక్కుని బయల్దేరడం మనవాళ్ళ అలవాటు. అక్కడ అలా లేస్తే చిన్నబుచ్చుకుంటారు. పచ్చి కాఫీ గింజలు మన ముందే వేయించి, ఆ పొగ అందరి ముక్కుల దగ్గరికీ తెస్తారు. దంచి, మట్టి కూజాలో కాచి మూడు విడతలు పోస్తారు. మూడో కప్పు దీవెన అట. నన్నడిగితే అలవాటు పడటమంటే ఆ మూడో కప్పు దాకా కూర్చోవడమే. ఏం తిన్నావన్నది ఎవరూ లెక్కపెట్టరు, ఎప్పుడు లేచావన్నది మాత్రం గుర్తుపెట్టుకుంటారు.

అన్నట్టు, వాళ్ళ క్యాలెండర్ మనకన్నా ఏడెనిమిదేళ్ళు వెనక. 2007 సెప్టెంబరు 12న వాళ్ళకు 2000వ సంవత్సరం మొదలైంది. మనం ఎప్పుడో చేసేసుకున్న మిలీనియం నాకు రెండోసారి దొరికింది.

ఇంతకీ బెంగళూరులో ఉన్నవాళ్ళు విదేశీ పండగల గురించి భయపడుతుంటే నాకు నవ్వొస్తుంది. ఉగాది మర్నాడు కన్నడిగులు మాంసం వండుకునే పండగ, హొసతొడకు. పొద్దున్నే మైసూరు రోడ్డులో మటన్ దుకాణాల ముందు చాంతాడంత క్యూలు. ఎందుకో మారతహళ్ళిలో పదిహేనేళ్ళుగా ఉంటున్న మనవాళ్ళను అడగండి, తెల్లమొహం వేస్తారు. చైత్ర పౌర్ణమి రాత్రి ధర్మరాయస్వామి గుడి నుంచి బయల్దేరే కరగ ఊరేగింపు దారిలో ఒక దర్గాకి కూడా వెళ్తుంది. మా బ్లాకులో దాన్ని చూసినవాళ్ళు నాకు ఇంతవరకు తగల్లేదు. మా అపార్ట్‌మెంట్‌లో ఉగాదే వచ్చే ఆదివారానికి వాయిదా పడుతుంది, చందా మాత్రం ముందే వసూలు చేస్తారు. పచ్చడి క్యాటరింగ్ వాడిది, వేపపువ్వు వెతుక్కోవాలి.

సరే, మీ సంగతి. వెళ్ళగానే ఏం తినరో స్టాఫ్‌రూంలో ఒక్కసారి గట్టిగా చెప్పెయ్యండి. పండగ నాడు పళ్ళెం ముందు కూర్చున్నాక చెబితే వండినవాళ్ళకు కష్టం. వెళ్ళేది ఇథియోపియాకే అయితే బుధవారమో శుక్రవారమో ఏదైనా హోటల్‌లో ఉపవాసం పళ్ళెం అడగండి. పప్పు, ఆకుకూర, బీట్‌రూట్, శిరో అన్నీ ఒకే ఇంజెరా మీద వస్తాయి. ఉల్లి, టమాటా కూరిన పచ్చిమిరపకాయ ఒకటి పక్కన పెడతారు. మాది గుంటూరు, నాకు ఒకటి సరిపోయేది కాదు. ఇంకో రెండు తెమ్మనేవాణ్ణి.