బడి చేలో సెంటు పెసర

గుంటూరు,
మే నెలాఖరు

చిరంజీవి అమ్మాయికి బాబాయి ఆశీస్సులు.

ఎనిమిదో తరగతి పిల్లల చేత బడి స్థలంలో సేద్యం చేయిస్తానని రాశావు, చాలా సంతోషం. కానీ నీ పట్టీలో వంగ, బెండ, టమాటా, గోంగూర, మిరప అన్నీ ఉన్నాయి. అన్నీ వద్దమ్మా. ఒక్క పైరు, ఒక్క ప్రశ్న చాలు. ఐదు పైర్లు పెడితే పిల్లలకు నీళ్లు పోయడమే వస్తుంది.

పెసర వెయ్యి. జూన్ ఆఖరున మంచి పదును చూసి విత్తితే 65, 70 రోజులకు కోతకొస్తుంది, దసరా సెలవుల్లోపే లెక్క తేలుతుంది. మిరపకైతే నారుకే ఆరు వారాలు పడుతుంది, కాయ చేతికొచ్చేసరికి పిల్లలు పరీక్షల్లో ఉంటారు. ఇక ప్రశ్న: విత్తనానికి రైజోబియం పొడి (వేరు బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని పైరుకు అందించే సూక్ష్మజీవి) పట్టిస్తే మన నేలలో తేడా కనిపిస్తుందా?

దారులతో కలిపి సెంటున్నర తీసుకుని, ఐదేసి చదరపు మీటర్ల మడులు ఎనిమిది కట్టించు. నాలుగు జట్లు, జట్టుకు రెండు మడులు: ఒకదాంట్లో పట్టించిన విత్తనం, పక్కదాంట్లో పట్టించనిది. ఏ మడిలో ఏది అన్నది చీటీ తీసి తేల్చాలి. లేకపోతే మంచి మడులన్నీ పట్టించిన విత్తనానికే ఇచ్చేస్తారు. మడులు జానెడు ఎత్తు ఉండాలి, మధ్య అడుగున్నర కాలువ వదలాలి. తాడికొండ వైపు నల్లరేగడిలో నీళ్లు నిలిస్తే పెసర రెండు రోజుల్లో పండుబారుతుంది. ఒక మడి నీళ్లు పక్క మడిలోకి పారితే ప్రయోగం కూడా చెడుతుంది.

విత్తనం ఎకరాకు 8 కిలోలు, అంటే సెంటుకు 80 గ్రాములు, మడికి 10 గ్రాములు. ఈ భాగహారం పిల్లలే చెయ్యాలి. లాం ఫారంలో, అదే గుంటూరు దగ్గరి వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో, పల్లాకు తెగులు తట్టుకునే రకం అడుగు. రంగు మందు పూసిన విత్తనం మాత్రం పిల్లల చేతికి ఇవ్వొద్దు. ఆ మందుకు రైజోబియం కూడా చావొచ్చు.

పట్టించేది తేలికే. 40 గ్రాముల విత్తనానికి గ్రాము పొడి చాలు. చల్లారిన పల్చటి బెల్లం పాకం రెండు మూడు చుక్కలు వేసి, గింజ తడిసీ తడవనట్టు కలిపి, నీడన అరగంట ఆరబెట్టాలి. ఎండలో పెడితే సూక్ష్మజీవి చస్తుంది. ప్యాకెట్ మీద గడువు తేదీ చూడు. అన్నిటికన్నా ముఖ్యం, పట్టించని మడులు ముందు విత్తించు. పొడి అంటిన చేతులతో ఆ తర్వాత వాటిని ముట్టుకుంటే రెండూ ఒకటే అయిపోతాయి. ఇక్కడ ఒక్కరు తప్పినా 70 రోజుల శ్రమ వృథా.

సాలుకీ సాలుకీ అడుగు, మొక్కకీ మొక్కకీ బెత్తెడు, లోతు అంగుళం. లోతుగా పడి పైన పెద్ద వాన కురిస్తే గింజ కుళ్లుతుంది. పన్నెండో రోజుకు ఒత్తు మొక్కలు పీకించు. కలుపు ఇరవయ్యో రోజున ఒకసారి, ముప్ఫైకి ఇంకోసారి. వయ్యారిభామ కనిపిస్తే ఒట్టి చేతులతో ముట్టనివ్వకు, దురద, దద్దుర్లు వస్తాయి. తనిఖీకి ఎవరో వస్తున్నారని ముందురోజు కూలీని పెట్టి చేను శుభ్రం చేయించకు. పిల్లల మనసు ఆ రోజుతోనే చేను విడిచిపోతుంది.

ముప్ఫై ఐదో రోజున మడికి మూడు మొక్కలు తీయించు. పీకితే వేరు బుడిపెలు నేలలోనే తెగి ఉండిపోతాయి. చుట్టూ పారతో గడ్డగా లేపి, బకెట్ నీళ్లలో నానబెట్టి మట్టి కరిగించాలి. బుడిపెలు లెక్కపెట్టి, నాలుగు కోసి చూడమను. లోపల గులాబీ రంగుంటే నత్రజని పని జరుగుతోంది, తెల్లగా ఉంటే ఇంకా పని మొదలవలేదు. ఆ నేలలో నిరుడు అపరాలు (పప్పు పైర్లు) వేసి ఉంటే, ఆ సూక్ష్మజీవి మట్టిలో ముందే ఉండి, బుడిపెలు రెండు మడుల్లోనూ సమానంగా ఉండొచ్చు. అప్పుడు ప్రయోగం పోయిందని పిల్లలు నీరసపడతారు. తేడా లేదన్నదీ జవాబేనని, ఆ నేలకు ఈ పొడి ఖర్చు అక్కర్లేదని వాళ్లకు విడమరిచి చెప్పు.

ఆకు పసుపు మచ్చలు తేలితే అది పల్లాకు, తెల్లదోమ తెచ్చేది. ఆ మొక్క వెంటనే పీకి పాతిపెట్టాలి. పసుపు రంగు జిగురు అట్టలు పైరు ఎత్తున కడితే దోమ ఎంతుందో తెలుస్తుంది. పూతలో గూళ్లు కట్టే పురుగు కోసం రోజూ పూలు విప్పి చూడమను.

కాయ నల్లబడ్డవి పొద్దున్నే కోయాలి, ఎండెక్కితే చిట్లి రాలతాయి. రెండు మూడు కోతలుంటాయి, ఏ మడి కాయ ఆ సంచిలోనే. ఎండాక కొట్టి, చేటతో చెరిగి, కాటా వెయ్యండి. బాగా పండితే సెంటుకు ఐదారు కిలోలు. పక్కన ఎన్ని గంటల పని, ఎంత ఖర్చు రాసి ఉంచితే, కిలో పెసలకు రైతుకు ఎంత మిగులుతుందో వాళ్లే అడుగుతారు.

ఈ వారమే 100 గింజలు తడి గోనెపట్టాలో మొలక కట్టి, నాలుగో రోజు ఎన్ని మొలిచాయో రాయి. 75కి తగ్గితే ఆ విత్తనం వద్దు, వేరే చూద్దాం.

మీ బాబాయి