బఫర్ జోన్‌లో ప్లాటు: పట్టా ఉంటే ఇల్లు కట్టుకోవచ్చా?

ప్రశ్న: హైదరాబాద్ శివారులో చెరువు దగ్గర 200 గజాల ప్లాటు కొన్నాం. రిజిస్ట్రేషన్ అయింది, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) క్లియర్. ఇప్పుడు బఫర్ జోన్ అంటున్నారు. వేసవిలో అక్కడ చుక్క నీరుండదు. అమ్మినాయన 'నాది పట్టా భూమే' అంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: ఆయన చెప్పింది నిజమే కావచ్చు. చెరువు శికం (నీట మునిగే భూమి)లోనూ పట్టా భూములుంటాయి. నీళ్లు తగ్గాక దున్నుకోవచ్చు, కట్టడానికి మాత్రం వీల్లేదు. ఇక ఈసీలో పాత లావాదేవీలే తప్ప చెరువు హద్దు కనిపించదు.

వేసవి సంగతి పక్కన పెట్టండి. చెరువు నిండి అలుగు దాకా వచ్చినప్పుడు నీళ్లు ఎంతవరకు నిలుస్తాయో అదే ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్). 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 168 ప్రకారం చెరువు 10 హెక్టార్లు, అంతకు మించితే ఆ గీత నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు వదలాలి. ఆ వదిలే జాగానే బఫర్ జోన్. పక్కన నాలా ఉంటే దాని లెక్క వేరు: వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, లేకుంటే 2. మన చెరువులు గొలుసుకట్టువి. పై చెరువు అలుగు నీరు కింది చెరువుకు పోయే దారి మూసేస్తే ఏమవుతుందో 2020 అక్టోబరు వరదల్లో నగరమంతా చూసింది.

మాటలు నమ్మకుండా హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైట్‌లో మ్యాపు చూడండి. ఆ చెరువు హద్దు ప్రకటించిన నోటిఫికేషన్ ప్రాథమికమా, తుదిదా అన్నదే కీలకం. ప్రాథమికమైతే గ్రామ నక్షా జతచేసి రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, సర్వే కోరండి. తుదిదైతే సాధారణంగా హైకోర్టులో రిట్ పిటిషన్ వేయాల్సి వస్తుంది. ప్లాటులో కొంత భాగమే బఫర్ కిందికి వస్తే మిగతా దానికి అనుమతి అడగవచ్చు, కానీ వదిలిన జాగాను సెట్‌బ్యాక్‌లో (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీలో) కలపనివ్వరు.

'సుప్రీంకోర్టు 15 రోజుల నోటీసు లేకుండా కూల్చొద్దంది కదా' అని కొందరు ధైర్యం చెబుతారు. 2024 నవంబరు 13 నాటి ఆ తీర్పే నీటి వనరుల్లోని అక్రమ కట్టడాలను మినహాయించింది. అంచేత తేలేదాకా పునాది తీయకండి.

అమ్మినాయనకు లోపం తెలిసీ దాచితే ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 కింద పరిహారం కోరవచ్చు. 'మ్యాపు అందరికీ కనిపించేదే, నువ్వే చూసుకోవాల్సింది' అని ఆయన వాదిస్తాడు. అసలు పోరు అక్కడే. అందుకే బ్రోచరు, లేఅవుట్ ప్లాను, వాట్సాప్ సందేశాలు భద్రపరచండి. మోసం బయటపడ్డ నాటి నుంచి దావాకు మూడేళ్లే గడువు. లేఅవుట్‌కు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నమోదు ఉంటే అక్కడా ఫిర్యాదు చేయవచ్చు.

విసిగిపోయి ఇంకొకరికి అంటగట్టాలనుకుంటే, బఫర్ సంగతి దాచకండి. అప్పుడు సెక్షన్ 55 మీ మీదికే వస్తుంది.