క్లోజాపిన్ మూడు రోజులు ఆగితే పాత డోసు వేయకండి

అక్కా, మీ తమ్ముడు పండక్కి కర్నూలు వెళ్తూ మాత్రలు బెంగళూరులోనే మరిచిపోయాడని, మూడు రోజుల తర్వాత తిరిగొచ్చాక ఈ రాత్రి ఎప్పటిలాగే 300 మిల్లీగ్రాముల క్లోజాపిన్ (స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక జబ్బుకు ఇచ్చే మందు) వేయవచ్చా అని అడిగారు. దయచేసి వేయకండి.

48 గంటలు దాటి ఆగితే ఒంటికి ఆ మందు అలవాటు తప్పుతుంది. ఒక్కసారిగా పాత డోసు పడితే బీపీ పడిపోయి కుప్పకూలవచ్చు, ఫిట్స్ రావచ్చు. అందుకే మళ్లీ 12.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి పెంచుకుంటూ వెళ్తారు. ఎంత వేగంగా పెంచాలన్నది డాక్టరే తేల్చాలి. చివరి మాత్ర ఏ రోజు, ఎన్ని గంటలకు వేసుకున్నాడో రాసుకుని ఇప్పుడే డాక్టరుకు ఫోన్ చేయండి. ఆయన దొరక్కపోతే బెంగళూరులోని మానసిక వైద్య ఆసుపత్రి నిమ్హాన్స్ ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి, రాత్రయినా చూస్తారు. అతనికి మళ్లీ గొంతులు వినిపిస్తుంటే, నిద్ర లేకపోతే ఫోన్ కోసం కూడా ఆగవద్దు.

రక్తపరీక్ష సంగతీ అడగండి. ఈ మందు కొందరిలో తెల్లకణాలను ప్రమాదకరంగా తగ్గిస్తుంది కాబట్టి మొదటి 18 వారాలు వారం వారం చేయిస్తారు. జ్వరమో గొంతునొప్పో వస్తే పారాసిటమాల్ వేసి ఊరుకోకుండా అదే రోజు డాక్టరుకు చెప్పి సీబీసీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) చేయించండి.

చాలామంది పట్టించుకోనిది మలబద్ధకం. క్లోజాపిన్‌తో అది ప్రాణం మీదికి తేగలదు. రెండు మూడు రోజులు విరేచనం కాకపోతే సిగ్గుపడకుండా చెప్పమనండి.

సిగరెట్లు కాలుస్తాడన్నారు కదా, హఠాత్తుగా మానేస్తే రక్తంలో మందు మోతాదు పెరిగిపోతుంది. మానడం మంచిదే, కానీ ముందు డాక్టరుకు చెప్పి డోసు సరిచేయించుకోవాలి.