టఫెన్డ్ గ్లాస్ వచ్చాక సైజుకు కోయించుకోవచ్చా?

నల్గొండలో ఇల్లు కడుతున్నామని, పై అంతస్తు బాల్కనీ రెయిలింగ్‌కి టఫెన్డ్ గ్లాస్ వేయిస్తే తర్వాత సైజు సరిచేసుకోవచ్చా, మన ఎండలకు పగలదా అని అడిగారు. మహబూబ్‌నగర్‌లో చాలా ఏళ్లుగా గ్లాస్, అల్యూమినియం ఫిట్టింగ్ పని చేస్తున్నాను. కోయడం మాత్రం ఎవరి వల్లా కాదండి.

ఎందుకంటే, మామూలు గ్లాసునే ముందు సైజుకు కోసి, అంచులు రుద్ది, రంధ్రాలు వేశాకే ఫర్నేసులో పెడతారు. 620 డిగ్రీలు దాటి వేడెక్కాక రెండు వైపులా గాలి గట్టిగా కొడతారు. పైపొర వెంటనే బిగుసుకుంటుంది. లోపలిది ఆలస్యంగా చల్లారి, కుంచించుకుంటూ పైపొరను లోపలికి లాగుతుంది. పైన నొక్కుడు, లోపల లాగుడు అలాగే ఉండిపోతాయి. అదే మందం మామూలు గ్లాసు కంటే నాలుగైదు రెట్లు బలం అక్కడి నుంచే వస్తుంది. కటింగ్‌తో ఆ పైపొర తెగిందంటే షీటు మొత్తం పటికబెల్లం పలుకుల్లా రాలిపోతుంది.

అందుకే గ్రానైట్, టైల్స్ అయిపోయాకే కొలత ఇవ్వండి. ప్లాన్ చూసి ఆర్డర్ పెట్టొద్దు. వెడల్పు పైనా, మధ్యలో, కిందా మూడు చోట్ల చూడాలి. మూల నుంచి మూలకు కూడా కొలవాలి. రంధ్రాలు ఎక్కడో అప్పుడే చెప్పాలి.

ఎండకు టెన్షన్ అక్కర్లేదు. ఒకే షీటులో ఇటు అటు 200 డిగ్రీల తేడా వచ్చినా తట్టుకుంటుంది. భయమంతా అంచులకే. జడ్చర్లలో ఒక షాపు తలుపు, కింది మూల రాతి గడపకు తగిలి క్షణంలో కుప్పయింది. దించేటప్పుడు నేల మీద చెక్క గానీ రబ్బరు గానీ వేయించండి, ఫిట్టింగ్‌లో ఇనుము గ్లాసుకు నేరుగా తగలనివ్వకండి. అరుదుగా గ్లాసులోనే ఉండిపోయిన నికెల్ సల్ఫైడ్ రేణువు వల్ల ఏ దెబ్బా లేకుండా పగులుతుంది. 260-290 డిగ్రీల దగ్గర గ్లాసును మళ్లీ వేడిచేసి చూసే హీట్ సోక్ టెస్ట్ చేయిస్తే అలాంటివి చాలావరకు ముందే ఫ్యాక్టరీలో పగిలిపోతాయి.

మీది పై అంతస్తు కాబట్టి ఒంటి షీటు వద్దనే చెబుతాను. అది పగిలితే ముక్కలు కిందివాళ్ల మీద పడతాయి, రెయిలింగ్ ఉన్నచోట ఖాళీ మిగులుతుంది. ఇంట్లో పిల్లలుంటే ఆ ఖాళీ ఎంత ప్రమాదమో మీకు తెలుసు. రెండు టఫెన్డ్ షీట్ల మధ్య ప్లాస్టిక్ పొర వేసి అతికించిన లామినేటెడ్ రకం తీసుకోండి. ఖర్చు ఎక్కువే, కానీ పగిలినా ముక్కలు ఆ పొరకే అంటుకుని ఉంటాయి. తీసుకునేటప్పుడు మూలలో ఐఎస్ 2553 (సేఫ్టీ గ్లాసుకు మన దేశ ప్రమాణం) ముద్ర ఉందో లేదో చూడండి.