టిప్పర్ పక్కన స్కూటీ: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: రోజూ స్కూటీ మీద పటాన్‌చెరులో డ్యూటీకి వెళ్తాను. మొన్న సిగ్నల్ దగ్గర ఒక టిప్పర్‌కి ఎడమ పక్కన ఆగాను. గ్రీన్ పడగానే అది ఫ్రీ లెఫ్ట్ వైపు నా మీదికే తిరిగింది. హారన్ కొడుతూనే ఉన్నాను. అంతంత అద్దాలు ఉండి కూడా మనిషి కనపడదా సార్, లేక నిర్లక్ష్యమా?
- ఒక పాఠకురాలు, సంగారెడ్డి జిల్లా

జవాబు: మీకేం కాలేదు, అది చాలమ్మా. నిర్లక్ష్యంగా నడిపేవాళ్లు లేరని నేననను. కానీ మీరు ఆగిన చోట ఎంత జాగ్రత్తగా నడిపే డ్రైవర్‌కైనా మీరు కనపడరు. మన దేశంలో డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు, ఆ సీటు నుంచి ఎడమ కిటికీలోంచి చూస్తే అతని చూపు మీ హెల్మెట్ పైనుంచి పోతుంది, మీరేమో తలుపు కింద ఉంటారు. సైడ్ అద్దం వెనకాల వచ్చే బండ్లను చూపిస్తుంది తప్ప ముందు చక్రం పక్కన ఉన్నదాన్ని సరిగా చూపించదు, పైగా ఉబ్బెత్తు అద్దం కాబట్టి అందులో కనపడినవాళ్లు కూడా ఉన్నదానికంటే దూరంగా ఉన్నట్టు అనిపిస్తారు. హారన్ అంటారా, ఆ గోలలో ఏది ఎవరిదో ఎలా తెలుస్తుంది? వెనకటికి క్లీనర్ ఎడమ పక్కన కూర్చుని తల బయటపెట్టి చూసి చెప్పేవాడు. ఇప్పుడు చాలా బండ్లు క్లీనర్ లేకుండానే తిరుగుతున్నాయి, నాకైతే ఇది పెద్ద నష్టం అనిపిస్తుంది.

అసలు ప్రమాదం మలుపులో ఉంది. పొడవైన బండి ఎడమకు తిరగాలంటే ముందు కాస్త కుడికి జరుగుతుంది. ఎడమన ఖాళీ కనపడగానే దారి ఇచ్చాడనుకుని బైకులు అందులో దూరతాయి. కానీ వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి, ట్రైలర్ అయితే మరీ ఎక్కువ. ఆ ఖాళీ అక్కడ మూసుకుపోతుంది. ఇండికేటర్ వేయలేదు కదా అని నమ్ముకోకండి, మట్టి కొట్టుకుపోయి అది కనపడకపోవచ్చు.

అందుకే సిగ్నల్ దగ్గర పక్కన కాదు, వెనక ఆగండి. మరీ డాలాకి (లారీ వెనక తలుపుకి) ఆనుకుని కూడా వద్దు, అక్కడా కనపడరు. అతని అద్దంలో అతని ముఖం మీకు కనపడేంత దూరం ఉండాలి. కనపడిందంటే అతను మిమ్మల్ని చూశాడని కాదు, చూసే వీలుందని మాత్రమే. దాటాలంటే కుడివైపు నుంచే, అదీ పక్కపక్కనే నడపకుండా త్వరగా దాటేయండి, దాటగానే అతని బంపర్ ముందుకి రాకండి. ఒకవేళ పక్కన ఇరుక్కుపోయి బండి మీ వైపు తిరగడం మొదలైతే స్కూటీ వదిలేసి ఫుట్‌పాత్ ఎక్కేయండి. బండి పోతే పోనీ.

ప్రశ్న: నాకు రెండు పాత టిప్పర్లు ఉన్నాయి. కెమెరాలు పెట్టిస్తే సరిపోతుందా?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: పెట్టించండి, కానీ దానికంటే ముందు ఎడమ తలుపు పైన కిందికి చూసే చిన్న అద్దం, బంపర్ ముందు భాగం కనపడేలా ఇంకొకటి బిగించండి. ముందు గాజు మీద స్టిక్కర్లు, వేలాడే దండలు, కుచ్చులు తీసేయించండి, ముఖ్యంగా ఎడమ మూల. దేవుడి పటం డ్యాష్‌బోర్డు మీద కిందుగా పెట్టుకోవచ్చు. లండన్‌లో 12 టన్నులు దాటిన లారీలకు, డ్రైవర్ అద్దాలు, కెమెరాలు లేకుండా నేరుగా కంటితో ఎంత చూడగలడో కొలిచి సున్నా నుంచి ఐదు వరకు నక్షత్రాలు ఇస్తారు. 2024 అక్టోబరు నుంచి మూడు కంటే తక్కువ వస్తే సెన్సర్లు, కెమెరాల లాంటివి అదనంగా బిగించుకోవాల్సిందే. కంటి చూపుకు అంత విలువ ఇస్తున్నారు. చక్రాల మధ్య ఖాళీకి సైడ్ గార్డులు కూడా వేయించండి, పడిన మనిషి కిందికి వెళ్లకుండా అవి ఆపగలవు. సైట్‌లో రివర్స్ తీసేటప్పుడు ఒక మనిషిని అద్దంలో కనపడేలా నిలబెట్టండి, ఆ మనిషి కనపడకపోతే వెంటనే ఆపాలని డ్రైవర్‌కి గట్టిగా చెప్పండి.

ప్రశ్న: మా పాప యూకేజీ. స్కూల్ బస్సు దిగాక దాని ముందు నుంచే పరుగెత్తుతుంది. చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక తల్లి, గుంటూరు

జవాబు: మీ భయం సరైనదే. బంపర్ దగ్గర అంత చిన్న పిల్ల డ్రైవర్‌కి అస్సలు కనపడదు. దిగగానే పక్కకి, బస్సుకి కనీసం పది అడుగుల దూరం నడవాలని, కింద ఏదైనా పడిపోతే వంగి తీసుకోకుండా ఆయమ్మకి చెప్పాలని నేర్పండి. ఇంకా ముఖ్యం, మీరే పాప బస్సు దిగే వైపు నిలబడి తన చేయి పట్టుకోండి, రోడ్డు అవతల నుంచి పిలవకండి. పాప మీ దగ్గరికి చేరాకే బస్సు కదలాలని స్కూల్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి.