చేతక్ దారిలో ఆగిపోతే ముందు పెట్రోలు ట్యాంకు మూత తీసి చూడండి

మీ నాన్నగారి 94 మోడల్ బజాజ్ చేతక్ స్కూటర్ అయిదేళ్ళు మూలన పడి ఉంది, ఇప్పుడు నాలుగు కిక్కులకే స్టార్ట్ అవుతోంది కానీ కొన్ని కిలోమీటర్లు పోగానే ఆగిపోతోంది, కాసేపు నిలబెడితే మళ్ళీ లేస్తోంది, మెకానిక్ కార్బురేటర్ (పెట్రోల్ని గాలితో కలిపి ఇంజిన్‌కి అందించేది) మార్చమంటున్నాడు, మార్చాలా అని కదా అడిగారు. మార్చకండి. బండి చూడకుండానే చెప్తున్నాను. ‘కార్బురేటర్ పోయింది’ అన్న కేసుల్లో పదింట తొమ్మిది కార్బురేటర్‌వి కావు. ఈ లెక్క ఎక్కడిదని అడక్కండి, మా ఇంట్లో ఆ బండిని నడిపినంతా నెట్టినంతా కలిపితే వచ్చిన లెక్క.

మాదీ చేతకే, బూడిద రంగుది. నేను ఆరో క్లాసులో ఉండగా మే నెలలో మా మేనత్త కూతురి పెళ్ళికి తెనాలి నుంచి గుంటూరు బయల్దేరాం. నేను ముందు నిలబడి, నాన్న, మధ్యలో చెల్లి, వెనక అమ్మ పట్టుచీరలో ఒక పక్కకి కూర్చుని. ముహూర్తం పదిన్నరకి. అంగలకుదురు దాటి కొంత దూరం పోయామో లేదో బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. నాన్న కంగారు పడలేదు. డిక్కీలోంచి ప్లగ్ స్పానర్ తీసి, పక్క డోర్ ఊడదీసి, ప్లగ్ విప్పి, గరుకు కాగితంతో రుద్ది, ఊది, మళ్ళీ బిగించి, బండిని ఒక పక్కకి వంచి లేపి కిక్ కొట్టారు. ఒక్క కిక్కుకే స్టార్ట్. ‘ప్లగ్గే’ అన్నారు, డాక్టరు జబ్బు పేరు చెప్పినట్టు.

ఇంకో ఆరేడు కిలోమీటర్లు పోయాక మళ్ళీ అదే దగ్గు. మళ్ళీ స్పానర్, మళ్ళీ గరుకు కాగితం, మళ్ళీ వంచడం, మళ్ళీ స్టార్ట్. ఈసారి అక్కడ చేరిన నలుగురూ నాలుగు చెప్పారు. పెట్రోల్లో కిరసనాయిలు కలిపారని ఒకరు, పెట్రోల్లో కలిపే 2టీ ఇంజిన్ ఆయిల్ ఎక్కువైందని ఒకరు. అసలు సంగతేమిటంటే ప్లగ్ తుడవడం వల్ల బండి లేవలేదు, ప్లగ్ తుడవడానికి పట్టిన పది నిమిషాల వల్ల లేచింది. అది మా నాన్నకి చెప్పేవాళ్ళు లేరు, చెప్పినా వినరు.

మూడోసారి ఆగింది ఒక సైకిల్ షాపు ముందు. నాన్న చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది, అమ్మ మాట్లాడ్డం మానేసింది. షాపు పెద్దాయన పంక్చర్ వేసుకుంటూనే ‘పెట్రోలుందా అయ్యా?’ అన్నాడు. ఆ మాటకి నాన్నకి రోషం వచ్చి, నిన్ననే కొట్టించానంటూ సీటు ఎత్తి ట్యాంకు మూత తీశారు. ఉస్స్‌మంది. సోడా కొట్టినట్టు పెద్దగా కాదు, కానీ నాకు వినపడింది. పెద్దాయన లేచి వచ్చాడు. ‘మూత అట్టాగే తీసి ఉంచి కొట్టండి.’ ప్లగ్ ముట్టుకోలేదు, వంచలేదు, కిక్ కొడితే స్టార్ట్ అయింది.

ఆయన మూత తిప్పి చూసి నవ్వాడు. లోపల సైకిల్ ట్యూబ్ కోసి చేసిన గుండ్రటి రబ్బరు ముక్క ఉంది. అది పెట్టింది మా నాన్నే. బండి వంచినప్పుడల్లా మూతలోంచి పెట్రోలు కారి తన చీరలు కంపు కొడుతున్నాయని అమ్మ గొడవ చేస్తే కారకుండా బిర్రుగా బిగించారు. మూతకి ఉన్న చిన్న గాలి బెజ్జం ఆ రబ్బరు కింద మూసుకుపోయింది. ‘నూనె డబ్బాకి ఒకటే బెజ్జం పెడితే నూనె దిగుద్దా? గాలి లోపలికి పోవాలి గదా’ అన్నాడు పెద్దాయన. చేతక్‌కి పంపు లేదు, ట్యాంకు నుంచి పెట్రోలు దాని బరువుకి అదే కార్బురేటర్‌లోకి దిగాలి. పైనుంచి గాలి రాకపోతే ధార సన్నబడుతుంది, కార్బురేటర్‌లో పెట్రోలు నిలవుండే చిన్న గిన్నె, అదే ఫ్లోట్ చాంబర్, ఖాళీ అవుతుంది, బండి ఆగుతుంది. ఆపి ఉంచితే ఎక్కడో సందుల్లోంచి గాలి మెల్లగా చేరి మళ్ళీ కాస్త దిగుతుంది.

రబ్బరు పీకేశాడు, డబ్బులు తీసుకోలేదు. మేం చేరేసరికి తాళి కట్టడం అయిపోయింది, భోజనాల్లో రెండో బంతి నడుస్తోంది. ఆ ముందు నెలే ఒక మెకానిక్ ఇదే జబ్బుకి కార్బురేటర్ విప్పి, పెట్రోలు దూరే సన్న బెజ్జాల జెట్లూ, లోపల తేలే ఫ్లోటూ కొత్తవి వేసి, ఉన్న డబ్బంతా ఊడ్చుకున్నాడు. మూత మాత్రం తీసి చూడలేదు. మెకానిక్‌లకి ఇదో రోగం, విప్పడానికి కష్టమైన చోటే లోపం ఉంటుందనుకుంటారు.

ఇక మీ బండి. ఆగిన క్షణమే మూత తీసి వినండి, వెంటనే కిక్ కొట్టండి. లేస్తే గాలి బెజ్జమే. లేవకపోతే ప్లగ్ విప్పండి. పొడిగా ఉంటే పెట్రోలు రావట్లేదు, తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, కరెంటు రావట్లేదు. ప్లగ్‌కి కరెంటు పంపే ఇగ్నిషన్ కాయిల్ వేడెక్కితే చచ్చి చల్లారితే బతికే రకమైతే, అదీ అచ్చం ఇలాగే ఏడిపిస్తుంది. పొడిగా ఉంటే పైపు ఊడదీసి సీసాలోకి పట్టి చూడండి. బొట్లు బొట్లుగా వస్తుంటే ట్యాంకులో తుప్పు, పెట్రోలు ట్యాపు జాలీలో చెత్త. అయిదేళ్ళ నాటి పెట్రోలు ఇంకా ట్యాంకులో ఉందా? ఉంటే దయచేసి పారబోయండి, అది ఎప్పుడో బంకగా మారి ఉంటుంది. జెట్లు శుభ్రం చేయడమంటే విప్పి గాలి కొట్టడం, పిన్నీసుతో పొడవడం కాదు, బెజ్జం పెద్దదైతే ఆ జెట్టు ఇక పనికిరాదు. ఈ పనులు చేసేటప్పుడు పక్కన బీడీలూ సిగరెట్లూ వద్దు.

ఇప్పుడు బంకుల్లో పోస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలుతో ఇంకో తలనొప్పి. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపుల్ని ఉబ్బిస్తుంది. ఆ బండి తయారైన రోజుల్లో మన బంకుల్లో ఈ గొడవ లేదు. నెల రోజులు తీయను అనుకుంటే ట్యాపు మూసేసి, ఇంజిన్ దానంతట అది ఆగేదాకా నడిపి పెట్టండి. స్టాండు వేసిన రాత్రయినా ట్యాపు మూయండి. లేకపోతే గిన్నె నిండగానే పెట్రోల్ని ఆపే ఫ్లోట్ నీడిల్ సరిగ్గా కూర్చోని రోజున పెట్రోలంతా ఇంజిన్‌లోకి దిగి తెల్లారి కాలు నొప్పి పుట్టినా స్టార్ట్ అవ్వదు.

అన్నట్టు, వంచితే స్టార్ట్ అవుతుందనేది పూర్తిగా మూఢనమ్మకం కాదు. ఫ్లోట్ చాంబర్ పొంగి కాస్త ఎక్కువ పెట్రోలు దిగుతుంది, చల్లటి ఇంజిన్‌కి పెట్రోలు పాలు పెంచే చోక్ మీట చేసే పనే. కానీ చోక్ ఉండగా వంచడం ఎందుకో మా నాన్న చెప్పలేదు. ఈ మధ్య మా అబ్బాయికి చేతక్ వంచడం గురించి చెప్తుంటే ‘బ్యాటరీ బండిని వంచడమేంటి’ అన్నాడు, వాడికి తెలిసిన చేతక్ 2020లో వచ్చిన కరెంటుదే.

ముందు మీ మూత లోపల ఎవరైనా రబ్బరు ముక్క పెట్టారేమో చూసి చెప్పండి. మూత తీసినప్పుడు ఉస్స్‌మందా లేదా, ప్లగ్ తడా పొడా, అదీ రాయండి. కార్బురేటర్ సంగతి అప్పుడు చూద్దాం.